ధర లేని చోట గుత్తాధిపత్యం: టెక్ సంస్థల మార్కెట్ బలం, విశాఖ ముందున్న ప్రశ్నలు

క్లుప్తంగా: ఫోను, సెర్చ్, చెల్లింపులు, ప్రకటనలు, క్లౌడ్ వంటి రంగాల్లో కొద్ది సంస్థల బలం ఏటేటా పెరుగుతోంది. సేవ ఉచితంగానో చవకగానో అందుతుంది కాబట్టి వాడేవారికి ఆ బలం తగలదు. వారిని చేరుకోవాలనుకునే వ్యాపారి కట్టే రుసుములో, ఒప్పుకోక తప్పని షరతుల్లో అది బయటపడుతుంది. ధరనే కొలబద్దగా పెట్టుకున్న పోటీ చట్టాలు అందువల్లనే వెనకబడుతున్నాయి. భారీ డేటా కేంద్రాలు రాబోతున్న విశాఖపట్నం ఈ సంస్థలకు ఇంతవరకు మార్కెట్. ఇకపై భూమి, నీరు, విద్యుత్తు సమకూర్చే నగరం కూడా.

2025 అక్టోబరు 14న గూగుల్ విశాఖపట్నంలో ఏఐ హబ్ నెలకొల్పుతామని ప్రకటించింది. 2026 నుంచి 2030 వరకు ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి, గిగావాట్ స్థాయి డేటా కేంద్రాలు, సముద్రగర్భ కేబుళ్లకు తీర కేంద్రం ఇందులో భాగం. అదానీ కనెక్స్, ఎయిర్‌టెల్ భాగస్వాములు. అమెరికా వెలుపల తమకు ఇదే అతిపెద్ద ఏఐ హబ్ అవుతుందని ఆ సంస్థ తెలిపింది. మూడు వారాల తర్వాత, నవంబరు 4న, జాతీయ కంపెనీ లా అప్పిలేట్ ట్రిబ్యునల్ వాట్సాప్ గోప్యతా విధానం కేసులో దాని యజమాని మెటాపై పడిన 213.14 కోట్ల రూపాయల జరిమానాను సమర్థించింది. అయితే ప్రకటనల కోసం డేటా పంచుకోవడంపై ఉన్న ఐదేళ్ల నిషేధాన్ని తొలగించింది.

మొదటిది పెట్టుబడి వార్త, రెండోది కోర్టు వార్త అని విడివిడిగా చదివి పక్కన పెట్టడం సులువు. కానీ రెండింటి వెనుకా ఉన్న కథ ఒకటే. కోట్ల మంది రోజువారీ పనులకు దారిగా మారిన సంస్థలు ఆ దారి మీద వచ్చే ఆదాయంతో తదుపరి దారులను కూడా తామే నిర్మించుకుంటున్నాయి. ఆ దారుల్లో ఒకటి ఇప్పుడు విశాఖ తీరానికి చేరుతోంది.

ధర పెరగకుండానే గుత్తాధిపత్యం ఎలా వస్తుంది?

పాతకాలపు గుత్త సంస్థను గుర్తుపట్టడం తేలిక. సరుకు దాని దగ్గర మాత్రమే దొరుకుతుంది, ధర పెంచుతుంది, కొనేవాడు తిట్టుకుంటూ కొంటాడు. అమెరికా సుప్రీంకోర్టు 1911లో స్టాండర్డ్ ఆయిల్ కంపెనీని ముక్కలు చేయించినప్పటి నుంచి పోటీ చట్టాల ఊహల్లో ఉన్న శత్రువు ఇదే. సెర్చ్ ఇంజిన్‌కూ మెసేజింగ్ యాప్‌కూ ఈ కొలత సరిపోదు. వాడేవాడు రూపాయి కూడా ఇవ్వడు.

డబ్బు ఇచ్చేది మరో వైపున ఉన్నవారు. ద్వారకానగర్‌లో కోచింగ్ సెంటరు నడిపేవారు తమ పేరు సెర్చ్ ఫలితాల్లో పైన కనిపించాలంటే ప్రకటనల వేలంలో పాల్గొనాలి. పక్క వీధి కోచింగ్ సెంటరు కూడా అదే వేలంలో ఉంటుంది. ఇద్దరూ పోటీపడి పెంచిన మొత్తం వేలం నిర్వాహకుడికి చేరుతుంది, ఆ ఖర్చులో కొంత విద్యార్థి కట్టే ఫీజులో కలుస్తుంది. బీచ్ రోడ్డు హోటల్ గది అద్దెలోనూ, సీతమ్మధార దంత వైద్యుడి బిల్లులోనూ ఇదే జరుగుతుంది. ఉచితమనుకున్న సేవకు నగరం చెల్లిస్తూనే ఉంది. రసీదు మాత్రం ఎవరి చేతికీ రాదు.

ఒకసారి పైకి వచ్చిన సంస్థను కిందికి దించడం ఎందుకు కష్టమో చెప్పే కారణాలు ప్రధానంగా మూడు. ఒకటి నెట్‌వర్క్ ప్రభావం. బంధువులందరూ ఉన్న యాప్‌లోనే కొత్తవాడూ చేరతాడు, దాంతో అది తర్వాతివాడికి మరింత తప్పనిసరి అవుతుంది. రెండోది డేటా. ఎక్కువ మంది వెతికిన చోట ఫలితాలు మెరుగవుతాయి, మెరుగైన చోటికే మరింత మంది వస్తారు.

మూడోది అన్నిటికంటే తక్కువగా చర్చకు వచ్చేది, బహుశా అన్నిటికంటే బలమైనది. ఫోను కొన్నప్పుడు అందులో ముందే అమర్చి ఉండే ఎంపిక అది. దాన్ని మార్చుకునే స్వేచ్ఛ అందరికీ ఉంటుంది, మార్చుకునేవారు బహు తక్కువ. ఆ తొలి స్థానానికి ఉన్న విలువ ఎంతో గూగుల్‌పై అమెరికా ప్రభుత్వం వేసిన కేసులో వాషింగ్టన్ కోర్టు జరిపిన విచారణలో బయటపడింది. ఫోన్లలో, బ్రౌజర్లలో తమ సెర్చ్ ముందే అమర్చి ఉండేందుకు గూగుల్ 2021 ఒక్క ఏడాదిలోనే 2,630 కోట్ల డాలర్లు చెల్లించింది. గెలుపు పూర్తిగా నాణ్యతదే అయితే అంత సొమ్ము ఎందుకు పెట్టాలన్న ప్రశ్న సహజం. జడ్జి అమిత్ మెహతా 2024 ఆగస్టు 5న ఇచ్చిన తీర్పులో గూగుల్ గుత్త సంస్థేనని, ఆ గుత్తాధిపత్యాన్ని నిలబెట్టుకోవడానికి చట్టవిరుద్ధంగా వ్యవహరించిందని తేల్చారు. 2025 సెప్టెంబరులో పరిష్కార ఉత్తర్వు ఇస్తూ ప్రత్యేక హక్కుల ఒప్పందాలను నిషేధించారు. కొంత సెర్చ్ డేటాను పోటీదారులతో పంచుకోవాలన్నారు. క్రోమ్ బ్రౌజర్‌ను అమ్మేయాలన్న ప్రభుత్వ కోరికను మాత్రం తోసిపుచ్చారు.

భారతదేశంలో ఈ మూడో కారణం మరింత పదునైనది. ఇక్కడి స్మార్ట్‌ఫోన్లలో దాదాపు 95 శాతం ఆండ్రాయిడ్‌తో నడుస్తాయి. ప్లే స్టోర్ కావాలంటే మిగతా గూగుల్ యాప్‌లనూ కలిపి ఫోన్లో పెట్టాలన్న షరతు ఆధిపత్య దుర్వినియోగమని దేశంలో పోటీ చట్టాన్ని అమలు చేసే కాంపిటిషన్ కమిషన్ 2022 అక్టోబరులో నిర్ణయించి 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. అప్పిలేట్ ట్రిబ్యునల్ 2023 మార్చిలో జరిమానాను సమర్థించింది, పది ఆదేశాల్లో నాలుగింటిని కొట్టేసింది.

పూర్ణా మార్కెట్ కౌంటర్ మీద

పూర్ణా మార్కెట్‌లో పప్పుల దుకాణం కౌంటర్ మీద, ఎంవీపీ కాలనీ రైతుబజారులో ఆకుకూరల బుట్ట పక్కన, గాజువాక టీ కొట్టులో, జగదాంబ కూడలిలోని ఏ దుకాణంలో చూసినా క్యూఆర్ కోడ్ స్టిక్కరు ఉంటుంది. దాని వెనకున్న యూపీఐ వ్యవస్థ ప్రైవేటు సంస్థలది కాదు. బ్యాంకులు కలిసి ఏర్పాటు చేసుకున్న నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ 2016లో దాన్ని తెచ్చింది. 2025 ఆగస్టులో ఒక్క నెలలో 2,000 కోట్ల లావాదేవీలు దాటిన ఈ వ్యవస్థను ఎన్నో దేశాలు ఆసక్తిగా గమనిస్తున్నాయి.

రైలు పట్టాలు అందరివీ అయినా, వాటి మీద నడిచే బండ్లు రెండే అయ్యాయి. ఫోన్‌పే, గూగుల్ పే కలిపి 80 శాతానికి పైగా లావాదేవీలు నడుపుతున్నాయి. ఒకదాని వెనక వాల్‌మార్ట్, మరొకదాని వెనక గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్ ఉన్నాయి. కార్పొరేషన్ స్వయంగా 2016 డిసెంబరులో తెచ్చిన భీమ్ యాప్ వాటా నామమాత్రం.

ఇలా ఎందుకు జరిగిందో చూస్తే మంచి ఉద్దేశంతో తీసుకున్న ఒక నిర్ణయం పాత్ర కనిపిస్తుంది. 2020 జనవరి నుంచి యూపీఐ చెల్లింపుపై వ్యాపారి దగ్గర రుసుము వసూలు చేయకూడదు. చిల్లర వ్యాపారికి ఇది గొప్ప మేలు, అందులో సందేహం లేదు. కానీ రుసుము రాని వ్యాపారంలో క్యాష్‌బ్యాక్‌లు ఇచ్చి, దుకాణాలకు సౌండ్ బాక్సులు పంచి, ఏళ్ల తరబడి నష్టం భరించి జనాన్ని అలవాటు చేయగలిగింది లోతైన జేబులున్నవారే. చిన్న యాప్‌కు ఆదాయ మార్గమే లేకుండా పోయింది. పెద్దవాటికి ఆ ఆదాయం రుణాలు, బీమా, ప్రకటనలు అమ్మడం ద్వారా వేరే దారిలో రావచ్చు.

ఏ యాప్ వాటా అయినా 30 శాతం మించకూడదని కార్పొరేషన్ 2020 నవంబరులోనే నియమం పెట్టింది. అప్పటికే పరిమితి దాటిన యాప్‌లకు ఇచ్చిన గడువు మొదట 2022 చివరికి, తర్వాత 2024 చివరికి, ఆ తర్వాత 2026 డిసెంబరు 31కి జరిగింది. ఇందులో నిర్వాహకుల నిర్లక్ష్యం వెతకడం తేలిక. అసలు చిక్కు వేరే ఉంది. వాటా తగ్గించాలంటే అలవాటుపడ్డ కోట్ల మందికి 'ఇకపై ఈ యాప్‌లో కుదరదు' అని చెప్పాలి. కౌంటర్ దగ్గర చెల్లింపు ఆగిపోతే నష్టపోయేది యాప్ యజమాని కంటే ముందు దుకాణదారుడు, కొనుగోలుదారుడు. మార్కెట్ బలం ఒక స్థాయి దాటాక దాన్ని తగ్గించే ప్రయత్నమే ప్రజలకు కష్టంగా మారుతుంది. తొలి ఏళ్లలో జోక్యం చేసుకోవడం ఎందుకు ముఖ్యమో దీనికంటే స్పష్టంగా చెప్పే ఉదాహరణ దేశంలో దొరకదు.

అయినా యూపీఐలో ఒక రక్షణ ఉంది, దాని విలువ తక్కువ కాదు. ఏ యాప్ స్టిక్కరునైనా మరే యాప్‌తోనైనా స్కాన్ చేయవచ్చు. దుకాణదారుడు రేపు స్టిక్కరు మార్చినా ఒక్క గిరాకీ కూడా పోడు. వాట్సాప్‌కు ఈ గుణం లేదు. దాన్ని వదిలి వేరే మెసేజింగ్ యాప్‌కు వెళ్లిన వ్యాపారి తన ఆర్డర్లను, పాత ఖాతాదారులను అక్కడే వదిలి వెళ్లాలి. ఐరోపా సమాఖ్య తన డిజిటల్ మార్కెట్ల చట్టంలో మెసేజింగ్ సేవలు ఇతర యాప్‌లతో కలిసి పనిచేయాలని ఆదేశించడానికి కారణం ఇదే.

వేలం పెట్టేవాడే దళారీ అయితే

అనకాపల్లి బెల్లం మార్కెట్‌లో రైతు తరఫున బేరమాడే వ్యక్తి, కొనే వ్యాపారి తరఫున పాట పాడే వ్యక్తి, వేలం నడిపే వ్యక్తి ఒక్కరే అయితే ఆ ధరను ఎవరు నమ్ముతారు? ఇంటర్నెట్ ప్రకటనల వ్యవస్థలో దాదాపు ఇదే ఏర్పాటు ఉంది. ప్రకటనల స్థలం అమ్మే వెబ్‌సైట్ల సాధనం, కొనేవారి సాధనం, రెంటినీ కలిపే మార్పిడి కేంద్రం గూగుల్ చేతిలోనే ఉన్నాయి. వర్జీనియాలో జడ్జి లియోనీ బ్రింకెమా 2025 ఏప్రిల్ 17న ఇచ్చిన తీర్పులో వెబ్‌సైట్ల వైపు సాధనంలోనూ మార్పిడి కేంద్రంలోనూ ఆ సంస్థది చట్టవిరుద్ధమైన గుత్తాధిపత్యమని చెప్పారు.

తెలుగు పత్రికలకు, వార్తా వెబ్‌సైట్లకు ఇది దూరపు సంగతి కాదు. జిల్లా వార్త రాయడానికి విలేకరికి జీతం ఇచ్చేది పత్రిక. ఆ వార్త పక్కన వచ్చే ప్రకటనలో ఎంత వాటా తనకు వస్తుందో నిర్ణయించేది మరొకరు. వార్తా సంస్థల సంఘం ఫిర్యాదుపై కాంపిటిషన్ కమిషన్ 2022 జనవరిలో విచారణకు ఆదేశించింది. ఇప్పుడు సెర్చ్ పేజీలోనే ఏఐ తయారు చేసిన సారాంశం కనిపిస్తోంది. పాఠకుడు అసలు వార్త దాకా వెళ్లకుండానే విషయం తెలుసుకుంటే, రాసిన పత్రికకు ఆ వాటా కూడా ఉండదు. స్థానిక వార్తకు డబ్బు ఎక్కడి నుంచి రావాలన్న ప్రశ్నకు ఇంకా సరైన జవాబు లేదు.

యాప్ స్టోర్లలోనూ ఇదే చిక్కు. డిజిటల్ సేవల అమ్మకాలపై 15 నుంచి 30 శాతం, వేరే బిల్లింగ్ వాడితే 11 నుంచి 26 శాతం రుసుము కట్టాలన్న గూగుల్ విధానంపై భారతీయ సంస్థలు అభ్యంతరం చెప్పాయి. 2024 మార్చి 1న భారత్ మ్యాట్రిమొనీ, నౌకరీ వంటి యాప్‌లను గూగుల్ తన స్టోర్ నుంచి తొలగించింది. కేంద్ర ప్రభుత్వం జోక్యం చేసుకున్నాక కొద్ది రోజుల్లో పునరుద్ధరించింది. రుసుము న్యాయమా కాదా అన్నది వాదించదగ్గ విషయమే. స్టోర్ నడపడానికి ఖర్చవుతుంది, భద్రతా తనిఖీలు ఉంటాయి. కానీ వివాదం తేలకముందే అవతలి పక్షం వ్యాపారాన్ని ఒక్క పూటలో కనబడకుండా చేయగల శక్తి ఒక పక్షానికే ఉండటం సమతూకం ఉన్న మార్కెట్ లక్షణం కాదు.

బలం ఉన్నచోట సంస్థ జాతీయత పెద్దగా తేడా చూపదు. ఆహార డెలివరీలో జొమాటో, స్విగ్గీ రెండూ భారతీయ సంస్థలే. రెస్టారెంట్ల సంఘం ఫిర్యాదుపై కమిషన్ 2022 ఏప్రిల్‌లో వాటిపై విచారణకు ఆదేశించింది. కమీషన్ల మొత్తంతో పాటు ఖాతాదారుల వివరాలు రెస్టారెంట్‌కు చేరకపోవడం ఆ ఫిర్యాదులో ఉంది. ఏళ్లుగా తన వంట తింటున్నది ఎవరో తెలియని హోటల్ యజమాని యాప్‌ను వదిలి సొంతంగా డెలివరీ పెట్టుకోలేడు. ఏటికొప్పాక లక్కబొమ్మలను ఆన్‌లైన్‌లో అమ్మే కళాకారుడిదీ ఇదే పరిస్థితి. సెర్చ్ జాబితాలో తన బొమ్మ మొదటి పేజీ నుంచి నాలుగో పేజీకి జారితే కారణం అడగడానికి ఎదురుగా మనిషి ఉండడు. డెలివరీ కార్మికుల విషయంలో మాత్రం చిన్న కదలిక వచ్చింది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి ప్రకారం అగ్రిగేటర్ సంస్థలు వార్షిక టర్నోవరులో 1 నుంచి 2 శాతం కార్మికుల సంక్షేమ నిధికి ఇవ్వాలి. పని కేటాయింపు, రేటింగు, ఐడీ నిలిపివేతల నిర్ణయాలు ఇంకా యాప్ చేతిలోనే ఉన్నాయి.

కొనుగోళ్లు

ఇప్పుడు మెటా అని పిలిచే ఫేస్‌బుక్ 2012లో ఇన్‌స్టాగ్రామ్‌ను 100 కోట్ల డాలర్లకు, 2014లో వాట్సాప్‌ను 1,900 కోట్ల డాలర్లకు కొంటున్నట్లు ప్రకటించింది. ఈ కొనుగోళ్లను రద్దు చేయాలన్న అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు 2025 నవంబరు 18న ఓడిపోయింది. టిక్‌టాక్, యూట్యూబ్‌లతో మెటా గట్టి పోటీ ఎదుర్కొంటోందని, కాబట్టి ప్రస్తుతం గుత్తాధిపత్యం రుజువు కాలేదని జడ్జి జేమ్స్ బోస్‌బర్గ్ నిర్ణయించారు. భారత పాఠకులు ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఈ దేశంలో టిక్‌టాక్ 2020 జూన్ నుంచి నిషేధంలో ఉంది. అమెరికాలో మెటాను గట్టెక్కించిన వాదనలో సగం ఇక్కడ వర్తించదు.

భారత చట్టం కూడా ఒకప్పుడు ఇలాంటి కొనుగోళ్లను ఆస్తులు, టర్నోవరు ఆధారంగానే చూసేది. ఆదాయం లేకపోయినా కోట్ల మంది వాడుకరులున్న సంస్థ ఆ వలలో పడేది కాదు. 2023 సవరణ ఈ లోపాన్ని సరిదిద్దింది. 2024 సెప్టెంబరు నుంచి 2,000 కోట్ల రూపాయలు మించిన ఒప్పందాల్లో, అమ్ముడవుతున్న సంస్థకు భారత్‌లో గణనీయ కార్యకలాపాలు ఉంటే కమిషన్ అనుమతి తప్పనిసరి.

చట్టం ఎందుకు ఆలస్యమవుతోంది?

ఆండ్రాయిడ్ కేసునే తీసుకుంటే, కమిషన్ విచారణకు ఆదేశించింది 2019లో, ఉత్తర్వు ఇచ్చింది 2022లో, అప్పిలేట్ తీర్పు వచ్చింది 2023లో. ఆపైన వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. ఈలోగా మార్కెట్ ఆగదు. ఎదురు నిలవాల్సిన చిన్న సంస్థ కేసు తేలేసరికి మూతపడి ఉండవచ్చు.

జరిమానాల పరిమాణం మరో బలహీనత. వాట్సాప్ కేసులో 213.14 కోట్ల రూపాయలు వినడానికి పెద్ద మొత్తమే. 2024లో మెటా ఆదాయం దాదాపు 16,450 కోట్ల డాలర్లు. లెక్క వేస్తే ఆ జరిమానా సంస్థకు గంటన్నర లోపు వచ్చే ఆదాయం. ఇంత చిన్న మొత్తం ప్రవర్తనను మార్చదు. మార్చేది ఉత్తర్వులోని షరతులే. అప్పీళ్లలో ముందుగా పోతున్నవి కూడా అవే.

ఐరోపా సమాఖ్య అందుకే పద్ధతి మార్చుకుంది. తప్పు జరిగాక నిరూపించే బదులు, పెద్ద వేదికలను ముందే గుర్తించి ఏం చేయకూడదో రాసిపెట్టింది. 2023 సెప్టెంబరులో ఆల్ఫాబెట్, అమెజాన్, యాపిల్, బైట్‌డాన్స్, మెటా, మైక్రోసాఫ్ట్‌లను ఆ జాబితాలో చేర్చింది. 2024 మార్చి నుంచి నిబంధనలు అమలయ్యాయి. 2025 ఏప్రిల్‌లో యాపిల్‌కు 50 కోట్ల యూరోలు, మెటాకు 20 కోట్ల యూరోల జరిమానా పడింది.

భారత్‌లో ఇదే తరహా డిజిటల్ పోటీ బిల్లు ముసాయిదా 2024 మార్చిలో బయటికొచ్చింది. దేశంలో 4,000 కోట్ల రూపాయల టర్నోవరు వంటి ఆర్థిక పరిమితులతో పాటు కోటి మంది వాడుకరులో పది వేల మంది వ్యాపార వాడుకరులో ఉన్న సంస్థలకు వర్తించేలా దాన్ని రూపొందించారు. జరిమానా ప్రపంచ టర్నోవరులో 10 శాతం దాకా ఉండవచ్చు. వ్యతిరేకించేవారి వాదనలు కొట్టిపారేయదగ్గవి కావు. ఎదుగుతున్న భారతీయ సంస్థలు కూడా ఈ పరిధిలోకి వస్తాయి. మ్యాప్, చెల్లింపు, ప్రకటన ఒకేచోట దొరకడం వల్ల చిన్న వ్యాపారికి కలిగే సౌకర్యం తగ్గవచ్చు. ఐరోపాలో కొన్ని కొత్త సదుపాయాలు ఆలస్యంగా వస్తున్న మాటా నిజం. అయినా ఈ అభ్యంతరాలు బిల్లు పరిమితులను సరిచేయడానికి కారణాలవుతాయి తప్ప, ఏళ్ల తరబడి పక్కన పెట్టడానికి కావు.

తర్లువాడ, అడవివరం, రాంబిల్లి

ఇక డేటా కేంద్రాల సంగతి. గూగుల్ కేంద్రాలు రానున్నవి ఈ మూడు చోట్లే. ఒక గిగావాట్ అంటే 1,000 మెగావాట్లు. పరవాడ దగ్గర సింహాద్రి థర్మల్ కేంద్రం మొత్తం సామర్థ్యం 2,000 మెగావాట్లు. అంటే ఒక గిగావాట్ డేటా కేంద్రం పూర్తి స్థాయిలో నడిస్తే సింహాద్రిలో సగానికి సమానమైన విద్యుత్తు కావాలి. 2025 నవంబరులో రిలయన్స్, బ్రూక్‌ఫీల్డ్, డిజిటల్ రియాల్టీల ఉమ్మడి సంస్థ డిజిటల్ కనెక్షన్ మరో గిగావాట్ కేంద్రాన్ని విశాఖకే ప్రకటించింది.

లాభాలు ఊహాజనితమైనవి కావు. దేశానికి వచ్చే సముద్రగర్భ కేబుళ్లు ఎక్కువగా ముంబయి, చెన్నై తీరాలకే చేరుతున్నాయి. విశాఖలో మరో పెద్ద ద్వారం తెరుచుకుంటే దేశం మొత్తానికి భద్రత. 1933లో ఓడరేవు తెరుచుకున్నాక నగరం ఎలా మారిందో తెలిసినవారికి ద్వారం విలువ వేరే చెప్పక్కర్లేదు. నిర్మాణం, విద్యుత్ పరికరాలు, కూలింగ్ వ్యవస్థల నిర్వహణలో పని దొరుకుతుంది. పునరుత్పాదక విద్యుత్తుకు పెద్ద కొనుగోలుదారు రావడం కూడా మేలే.

మార్కెట్ బలం ప్రశ్న తలెత్తేది బేరం దగ్గర. పెట్టుబడి పెట్టగల సంస్థలు నాలుగైదు, పోటీపడే రాష్ట్రాలు డజను ఉన్నప్పుడు తూకం ఎటు మొగ్గుతుందో ఊహించవచ్చు. 2017లో అమెజాన్ రెండో ప్రధాన కార్యాలయానికి చోటు వెతుకుతున్నామంటే ఉత్తర అమెరికా నగరాలు, ప్రాంతాలు 238 ప్రతిపాదనలు పంపాయి. గూగుల్ విశాఖ ప్రకటన తర్వాత, ఆంధ్రప్రదేశ్ సుమారు 22 వేల కోట్ల రూపాయల రాయితీలు ఇస్తోందని కర్ణాటక ఐటీ మంత్రి ప్రియాంక్ ఖర్గే విమర్శించారు. వచ్చే పెట్టుబడి, దాని వెంట పెరిగే ఆర్థిక కార్యకలాపాలు అంతకంటే ఎక్కువన్నది రాష్ట్ర ప్రభుత్వ పక్షం. ఎవరి లెక్క సరైనదో తేల్చాలంటే విద్యుత్ ధర, నీటి కేటాయింపు, పన్ను వాపసు, ఉద్యోగాల హామీలు ఒప్పందంలో ఎలా రాశారో పౌరులకు కనిపించాలి. రాయితీ ఇవ్వడం తప్పు కాదు. అందరి సొమ్ముతో ఇచ్చే రాయితీకి వివరాలు అడగడం నగరవాసుల హక్కు.

ఐర్లండ్ అనుభవం ఇక్కడ పనికొస్తుంది. పన్ను రాయితీలతో, చల్లని వాతావరణంతో డేటా కేంద్రాలను ఆకర్షించిన ఆ దేశంలో 2023 నాటికి మొత్తం మీటరు విద్యుత్ వాడకంలో 21 శాతం వాటిదే. డబ్లిన్ పరిసరాల్లో కొత్త కేంద్రాలకు గ్రిడ్ కనెక్షన్లు కొన్నేళ్ల పాటు దాదాపు నిలిచిపోయాయి. విశాఖకు చల్లని వాతావరణం కూడా లేదు. వేసవిలో మేహాద్రిగెడ్డ, ముడసర్లోవ, రైవాడ నీటి మట్టాలు వార్తలయ్యే నగరం ఇది. కూలింగ్‌కు ఏ నీరు వాడతారు, శుద్ధి చేసిన మురుగునీరా సముద్రపు నీరా అన్నది కేంద్రం కట్టాక అడిగే ప్రశ్న కాదు.

మరో అంశం తక్కువగా చర్చకు వస్తోంది. డేటా కేంద్రం ఊళ్లో ఉన్నంత మాత్రాన మధురవాడలోని చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థకు కంప్యూటింగ్ చవకగా దొరకదు. ప్రపంచ క్లౌడ్ వ్యాపారంలో 60 శాతానికి పైగా అమెజాన్, మైక్రోసాఫ్ట్, గూగుల్ చేతుల్లో ఉంది. ఈ మూడూ క్లౌడ్ అమ్ముతూనే ఏఐ సేవలూ అమ్ముతున్నాయి. అదే క్లౌడ్ మీద తెలుగు ఏఐ సేవ తయారు చేసే సంస్థకు ముడిసరుకు అమ్మేవాడే పోటీదారు. ముడిసరుకు మరొకరి చేతిలో ఉంటే ఏమవుతుందో విశాఖకు ఉక్కు కర్మాగారం చెబుతుంది. పోరాడి సాధించుకున్న కర్మాగారానికి సొంత ఇనుప గనులు లేకపోవడం దాని కష్టాలకున్న ప్రధాన కారణాల్లో ఒకటి.

ఆధారపడటంలోని ప్రమాదం ధరకే పరిమితం కాదు. 2024 జులై 19న సైబర్ భద్రతా సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక లోపభూయిష్టమైన అప్‌డేట్ ప్రపంచవ్యాప్తంగా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లను నిలిపేసింది. భారత విమానాశ్రయాల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాశారు. 2025 జులైలో ఐరోపా సమాఖ్య ఆంక్షల నేపథ్యంలో నయారా ఎనర్జీకి మైక్రోసాఫ్ట్ సేవలు ఆగిపోయాయి. గుజరాత్‌లో చమురు శుద్ధి కర్మాగారం నడిపే ఆ సంస్థ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది, తర్వాత సేవలు తిరిగొచ్చాయి. ఓడరేవు, చమురు శుద్ధి కర్మాగారం, తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్న నగరం ఈ ఉదంతాన్ని తేలిగ్గా తీసుకోలేదు.

ముందు చూడాల్సినవి

యూపీఐ వాటాల గడువు 2026 డిసెంబరు 31న ముగుస్తుంది; మళ్లీ పొడిగిస్తారా, లేదా చిన్న యాప్‌లకు ఆదాయ మార్గం చూపిస్తారా అన్నది ముఖ్యం. 2025 నవంబరులో నోటిఫై అయిన వ్యక్తిగత డేటా రక్షణ నియమాలు దశలవారీగా అమల్లోకి వస్తాయి. సమ్మతి ఇవ్వకపోతే సేవే లేదన్న షరతుకు అవి ఎంతవరకు అడ్డుకట్ట వేస్తాయో అప్పుడు తెలుస్తుంది.

విశాఖ వ్యాపారులకు మరో దారి ఇప్పటికే తెరిచి ఉంది. పోటీ చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఏ వ్యక్తి అయినా, వినియోగదారుల సంఘం అయినా, వర్తక సంఘం అయినా కమిషన్‌కు సమాచారం ఇచ్చి విచారణ కోరవచ్చు. సొంతంగా నష్టపోయి ఉండాల్సిన అవసరం లేదని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో స్పష్టం చేసింది. ఆండ్రాయిడ్ టీవీ కేసు ఇద్దరు వ్యక్తులు ఇచ్చిన సమాచారంతోనే మొదలైంది. 2025 ఏప్రిల్‌లో అది రాజీతో ముగిసింది. గూగుల్ 20.24 కోట్ల రూపాయలు చెల్లించడానికి, భారత్‌లో టీవీ తయారీదారులకు ప్లే స్టోర్ లైసెన్సును మిగతా సేవలతో ముడిపెట్టకుండా విడిగా ఇవ్వడానికి ఒప్పుకుంది. హోటల్ యజమానుల సంఘమో కిరాణా వర్తకుల సంఘమో కమీషన్ బిల్లులు, మారిన షరతుల నోటీసులు, జాబితాలో స్థానం జారిన తేదీలు ఒకచోట భద్రపరిస్తే ఇలాంటి సమాచారానికి కావాల్సిన ఆధారం తయారవుతుంది.